అంతకు ముందు నిమిషం

సోమవారం పదకొండు గంటల క్లాసుకి తీసుకెళ్తున్నప్పుడు దర్జీ నవ్వుతూనే ఉన్నాడు. అదీ అసలు బాధ. ఉతికిన చొక్కా వేసుకుని, గుండీలన్నీ సరిగ్గా పెట్టుకుని, తడి చేత్తో తల సర్దుకుని పెళ్ళిచూపులకి వెళ్తున్నవాడిలా నడిచాడు.

"వస్తాదన్నా, నీ కాలర్ చిరిగింది చూశావా? విప్పి ఇయ్యి. సూది దొరికితే రెండు నిమిషాల పని."

"సూది నీకిస్తే నా ఉద్యోగం ఊడుతుంది, నడువు," అన్నాడు వస్తాదు.

సూది ఎవరిస్తారు వాడికి? ఆ పిచ్చాసుపత్రి వార్డులో చెంచాలు కూడా ప్లాస్టిక్‌వే. అద్దం లేదు, తాడు లేదు, లాగులకి నాడాలు లేవు. దర్జీ ఏడు నెలలుగా అక్కడే ఉన్నాడు. మందులు బాగా పట్టాయి. మూడు నెలలుగా నిద్ర పోతున్నాడు, పెట్టింది తింటున్నాడు, గొంతులు వినపడటం లేదంటున్నాడు. వాళ్ళక్క గురువారం వచ్చి ఇంటికి తీసుకుపోతానంది. మధ్యలో ఈ సోమవారం క్లాసొకటి ఉంది.

వస్తాదు అంటే అతను కుస్తీలు పట్టినవాడేం కాదు, వార్డు అటెండరు. పంతొమ్మిదేళ్ళుగా తిరగబడిన రోగుల్ని పట్టుకోవడం అతని పని. ఆరడుగుల మనిషి చెయ్యెత్తితే ఆ చెయ్యి కిందికి దిగేలోపు మనిషిని నేలమీద బోర్లా పడేస్తాడు. అతని పట్టు చూసి ఎవరో ఆ పేరు పెట్టారు, అదే నిలిచిపోయింది. ఇంట్లో పెళ్ళాం కూడా అలానే పిలుస్తుంది.

క్లాసు హాల్లో బెంచీలు మెట్లు మెట్లుగా పైకి వెళ్తాయి. నూట ఇరవై మంది వైద్య విద్యార్థులు. పెద్ద డాక్టరు క్లాసంటే హాలు నిండాల్సిందే. మిగతా క్లాసులకి ముందు బెంచీలు ఖాళీగా ఉంటాయి గానీ ఈయన క్లాసుకి గోడల పక్కన కూడా నిలబడతారు. కింద మధ్యలో రెండు స్టూళ్ళు. ఒకదాని మీద దర్జీ, ఎదురుగా పెద్ద డాక్టరు. దర్జీ వెనక వస్తాదు. తలుపు దగ్గర పొట్టోడు, డ్రైవరు. వాళ్ళిద్దరూ అటెండర్లే, వస్తాదు దగ్గరే పని నేర్చుకున్నారు.

"ఇవాళ ఏ వారం?"

"సోమవారం సార్."

"నీ చొక్కాకి గుండీలెన్ని?"

"ఏడు సార్. కుట్టినవాడికి పని రాదు, కాజాలు పెద్దవి కోశాడు."

హాలంతా నవ్వింది. దర్జీ కూడా నవ్వాడు. పెద్ద డాక్టరు ఇంకా నాలుగైదు ప్రశ్నలడిగాడు, అన్నిటికీ శుభ్రంగా జవాబు చెప్పాడు. అప్పుడు పెద్ద డాక్టరు కళ్ళజోడు తీసి, తుడుచుకుని, మళ్ళీ పెట్టుకున్నాడు. ఆ తుడవటం చూస్తే చాలు, వస్తాదు కాళ్ళు ఎడం చేసి నిలబడేవాడు. ఏం రాబోతోందో తెలుసు మరి.

"అదంతా సరే గానీ, పాప ఏదయ్యా?"

దర్జీ మొహంలోంచి నవ్వు పోలేదు ముందు. నోరు నవ్వుతున్నట్టే ఉంది, కళ్ళు మాత్రం ఎటో పోయాయి. "ఏంటి సార్?" అన్నాడు.

"పాప. నీ కూతురు. ఎక్కడ వదిలేశావు?"

స్టూలు గాల్లోకి లేచింది. పెద్ద డాక్టరు తలకి జానెడు దూరంలోంచి వెళ్ళి నల్లబల్లకి తగిలి రెండు ముక్కలైంది. దర్జీ గొంతులోంచి వచ్చింది మాట కాదు, కోతకి పెట్టిన పశువు అరుపు. రెండో అడుగు వేసేలోపు వస్తాదు వాడి ఎడమ చెయ్యి అందుకుని వెనక్కి మెలితిప్పాడు, మడమ వెనక కాలు తగిలించి నేలకి కొట్టాడు. దవడ గచ్చుకి తగిలిన చప్పుడు పై బెంచీల దాకా వినపడింది. వస్తాదు మోకాలు వాడి రెండు భుజాల ఎముకల మధ్య పడింది. పొట్టోడు కాళ్ళ మీద కూర్చున్నాడు, డ్రైవరు కుడి చెయ్యి తొక్కిపెట్టాడు. దర్జీ చిట్లిన పెదవిలోంచి రక్తం గచ్చు మీద పారుతుంటే వాడు ఆ రక్తంలోకే అరుస్తున్నాడు.

వెనక బెంచీల్లో కొంతమంది లేచి నిలబడ్డారు. ఎవరో చప్పట్లు కూడా కొట్టారు.

"చూశారా!" అన్నాడు పెద్ద డాక్టరు చెయ్యి చాపి. "పది నిమిషాలు పెద్దమనిషిలా మాట్లాడాడు. ఏ కారణమూ లేకుండా ఎలా తిరగబడ్డాడో చూశారా! పుస్తకంలో వంద పేజీలు చదివినా ఇది రాదు. గుర్తు పెట్టుకోండి, పరీక్షలో వస్తుంది."

సూది మందు ఇచ్చి దర్జీని మోసుకెళ్ళాక వస్తాదు చేతులు కడుక్కుని, వార్డు బల్ల దగ్గర కూర్చుని గొడవల రిజిస్టరు తెరిచాడు. ఐదు గడులు. తేదీ, మనిషి, ఏం జరిగింది, కారణం, సంతకం. వస్తాదు చేతిరాత ముచ్చటగా ఉంటుంది, ఆ పని అందుకే అతనికి అప్పగించారు. 'డాక్టరుగారి మీద స్టూలు విసిరాడు. ముగ్గురం పట్టుకున్నాము.' కారణం గడిలో ఎప్పటిలాగే 'లేదు' అని రాశాడు. ఆ గడిలో పై నుంచి కింద దాకా 'లేదు', 'లేదు', 'లేదు'. రాసి సంతకం పెట్టి టీకి వెళ్ళాడు. ఏమీ అనిపించలేదు. ఎందుకనిపిస్తుంది? పని అయింది.

గ్రిల్లు అవతల దర్జీ అక్క నిలబడి ఉంది. చేతిలో సంచి, సంచిలో కొత్త చెప్పులు. కాలికి పడతాయో లేదో చూసుకోవడానికి వచ్చిందట.

"తమ్ముడూ, ఒక్కసారి వాణ్ణి పిలుస్తావా? ఎనిమిదో తొమ్మిదో గుర్తు లేదు."

"పడుకున్నాడక్కా."

"ఈవేళప్పుడా?"

వస్తాదు నీళ్ళు నమిలాడు. హెడ్ నర్సమ్మ వచ్చి సంగతి తనే చెప్పేసింది, ఆవిడకి నాన్చుడు తెలియదు. "ఇవాళ గొడవ చేశాడమ్మా. కారణం లేకుండా మీదపడ్డవాణ్ణి వారం లోపు ఇంటికి పంపకూడదని రూలు. గురువారం కమిటీలో రిజిస్టరు చూస్తారు. లాభం లేదు."

"వచ్చే వారం మేము ఊరు మారిపోతున్నామమ్మా! మా ఆయనకి బదిలీ అయింది. ఇప్పుడు తీసుకెళ్ళకపోతే వీడికి ఇంకెవరున్నారు?"

"తీసుకెళ్ళేవాళ్ళు లేనివాళ్ళని వెనక భవనంలోకి మారుస్తారు."

వెనక భవనం గురించి దర్జీ అక్కకి ఎవరూ వివరించలేదు. వివరించక్కర్లేదు. అక్కడికి వెళ్ళినవాళ్ళు అక్కడినుంచి ఎక్కడికీ వెళ్ళరు. ఆవిడ చెప్పులు రెండూ గ్రిల్లులోంచి లోపలికి తోసింది. "ఎనిమిదే అయ్యుంటుంది," అంది. "గురువారం వస్తాను. ఏమో, రాకుండా ఎలా ఉంటాను?"

* * *

మంగళవారం నుంచి పాఠం చెప్పేవాళ్ళకే పాఠాలు మొదలయ్యాయి. మనోవైద్యం ఎలా బోధించాలో నేర్పడానికి ఎవరో ఒకావిడ వచ్చింది. చుట్టుపక్కల కాలేజీల నుంచి నలభై మంది డాక్టరు మేష్టర్లు పోగయ్యారు. ఆవిడ మనిషి నాలుగున్నర అడుగులు, భుజాన ఆవిడంత సంచి. పొట్టోడు ఆవిణ్ణి చూసి, "హమ్మయ్య, నాకంటే పొట్టి మనిషి దొరికింది," అని సంబరపడ్డాడు. అటెండర్లంతా ట్రైనరమ్మ అని పేరు పెట్టేశారు.

పెద్ద డాక్టరుకి ఒళ్ళు మంట. "ముప్ఫై ఏళ్ళుగా చెబుతున్నాను. నాకు నేర్పుతుందట!" అని వరండాలో అందరికీ వినపడేలా అన్నాడు. అయినా వెళ్ళి ముందు వరసలోనే కూర్చున్నాడు.

బుధవారం ఉదయం ఆవిడ ఒక పని పెట్టింది. ఒక్కో మేష్టరు తను రోజూ చెప్పినట్టే పది నిమిషాలు పాఠం చెప్పాలి. రోగి వేషం ఎవరైనా వెయ్యాలి. కెమెరా తీస్తుంది. తర్వాత అందరూ కూర్చుని చూడాలి. వేషాలకి ఇద్దరు నాటకాల వాళ్ళని మాట్లాడుకుందట గానీ వాళ్ళు ఎగ్గొట్టారు. మీలో ఎవరైనా వెయ్యండంటే నలభై మంది డాక్టర్లూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. పిచ్చివాడి వేషం వేస్తే పరువేం కావాలి?

"మా వస్తాదు వేస్తాడు," అన్నాడు పెద్ద డాక్టరు. "వాడికి తెలియని రోగి లేడు. ఒరేయ్, రారా, దర్జీలా చెయ్యి."

"మీకు ఇష్టమేనాండీ?" అని ట్రైనరమ్మ వస్తాదుని అడిగింది. అతన్ని ఆ భవనంలో 'మీరు' అన్న మనిషి ఆవిడొక్కతే. వస్తాదు సిగ్గుపడిపోయి తలూపాడు.

నిజం చెప్పాలంటే సరదాగానే మొదలైంది. వస్తాదు స్టూలు మీద కూర్చుని గుండీలు సర్దుకున్నాడు. "సార్, మీ కోటు భుజం దగ్గర జారింది, విప్పి ఇస్తే సరిచేస్తా," అన్నాడు దర్జీ గొంతుతో. గది గొల్లుమంది. పెద్ద డాక్టరు కూడా పొట్ట పట్టుకుని నవ్వాడు. తలుపు దగ్గర పొట్టోడు, డ్రైవరు మామూలు చోట్లలోనే నిలబడ్డారు. ఈసారి పట్టుకోవాల్సింది తమ గురువునే కదా అని పళ్ళికిలిస్తున్నారు.

పెద్ద డాక్టరు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. పాప సంగతి అడుగుతాడు, నేను లేస్తాను, స్టూలు కాస్త మెల్లిగా తోస్తాను అని వస్తాదు మనసులో లెక్క వేసుకున్నాడు.

"అదంతా సరే గానీ," అన్నాడు పెద్ద డాక్టరు నవ్వుతూనే, "పోస్టుమాన్ చచ్చిన రోజు నీ మోకాలు ఎక్కడుందిరా?"

అందరూ నవ్వారు. వాళ్ళకేం తెలుసు? వేషంలో భాగమే అనుకున్నారు. నవ్వనివాళ్ళు ముగ్గురే. పొట్టోడి పళ్ళు మూసుకుపోయాయి. డ్రైవరు నేల చూశాడు.

రెండేళ్ళ కిందట నాలుగో గదిలో పోస్టుమాన్ అనే ఒక ముసలి రోగి వస్తాదు మోకాలి కింద చచ్చిపోయాడు. గుండె ఆగిపోయిందని పెద్ద డాక్టరు కాగితం రాశాడు. ఆ తర్వాత ఈ రెండేళ్ళలో ఎవరూ ఆ మాట ఎత్తలేదు. రాత్రిళ్ళు భార్య దగ్గర కూడా వస్తాదు ఎత్తలేదు.

"చెప్పరా. ఎక్కడుంది మోకాలు?"

వస్తాదు లేవడం వస్తాదుకే తెలియదు. పిడికిలి పెద్ద డాక్టరు మొహానికి తగిలి కళ్ళజోడు పగిలింది. ఆయన కోటు గుప్పిట్లో ఉంది, చిరుగుతోంది, ఎవరో ఆడమనిషి కెవ్వుమంది. ఇంకోసారి కొట్టాడు. అంతలో చెయ్యి వెనక్కి మెలి తిరిగింది, మడమ వెనక కాలు తగిలింది, గచ్చు వచ్చి దవడకి కొట్టింది. నోట్లో ఇనుము రుచి. వీపు మీద మోకాలు పడింది. రెండు భుజాల ఎముకల మధ్య, సరిగ్గా తను నేర్పిన చోట. పొట్టోడు మంచి శిష్యుడు.

"ఊపిరి," అన్నాడు వస్తాదు.

పెదాలు గచ్చుకి నొక్కుకుని ఉన్నాయి. మాట బయటికి రాలేదు, బుస వచ్చింది.

"తిడుతున్నాడు, గట్టిగా పట్టు!" అన్నాడు డ్రైవరు భయపడి.

చప్పట్లు వినపడ్డాయి. గచ్చుకి చెవి ఆన్చి వింటే చప్పట్లు వడగళ్ళ వానలా ఉంటాయి. బాగా నటించాడని కొడుతున్నారు. పక్కటెముకలు ఒకదాని మీదికొకటి వస్తున్నట్టుంది. కళ్ళు బైర్లు కమ్మాయి. ఆ రోజు పోస్టుమాన్ కూడా కింద ఏదో అన్నాడు. రెండు మూడు సార్లు అన్నాడు. తిడుతున్నాడనుకుని వస్తాదు ఇంకాస్త బరువు వేశాడు. ఊపిరి అన్నాడా వాడు? ఊపిరి అనే అనుంటాడు.

"వదలండి! నటన కాదది, వదలండయ్యా!" ట్రైనరమ్మ తన సంచితో పొట్టోడి వీపు మీద టపటపా బాదుతోంది. సంచి నిండా పుస్తకాలేమో, పొట్టోడు కుయ్యిమని పక్కకి దొర్లాడు.

వస్తాదు వెల్లకిలా తిరిగి గాలి మింగాడు. ఎవరో నీళ్ళిచ్చారు. పెద్ద డాక్టరు ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని, "చూశారా, నా పద్ధతి! ఏ కారణమూ లేకుండా!" అని నవ్వబోయాడు. ఆ నవ్వు సరిగ్గా రాలేదు.

ట్రైనరమ్మ సంచి కిందపెట్టింది. తలా ఒక కాగితం పంచింది. ఇప్పుడేం చూశారో రాయండంది. రాశారు. ఒక్కోటీ పైకి చదివింది. అకస్మాత్తుగా లేచాడు. కారణం లేకుండా దాడి చేశాడు. ఉన్నట్టుండి తిరగబడ్డాడు. నలభై కాగితాల్లోనూ పిడికిలి దగ్గర్నుంచే కథ మొదలైంది.

"కొట్టడం అందరూ చూశారు," అంది ఆవిడ. "అంతకు ముందు నిమిషం ఎవరూ రాయలేదు. మనం పిల్లలకి నేర్పేదీ ఇదే. మనిషి లేచినప్పటి నుంచే చూడమని. అంతకు ముందు నిమిషంలో ఎదుటివాడు ఏమన్నాడో, ఏం లాక్కున్నాడో అది పాఠంలో ఉండదు. ఆ నిమిషంలో ఉన్నది మనమే గనక."

కెమెరా వెనక్కి తిప్పి ఆ నిమిషం వేసింది. పెద్ద డాక్టరు గొంతు గదంతా వినపడింది. మోకాలు ఎక్కడుందిరా.

"మీరు చెప్పండి," అని వస్తాదు వైపు తిరిగింది. "ఎందుకు లేచారు?"

పెద్ద డాక్టరు రుమాలు మీంచి అతన్నే చూస్తున్నాడు.

"నటించానమ్మా," అన్నాడు వస్తాదు.

తర్వాత వరండాలో పెద్ద డాక్టరు అతని భుజం మీద చెయ్యి వేశాడు. "తెలివైనవాడివిరా. రిజిస్టరులో పోస్టుమాన్ పేజీ మీద నీ సంతకం కిందే నా సంతకం ఉంది. గుర్తు పెట్టుకో. రేపు ఆవిడ ముందు అసలు క్లాసు, అసలు దర్జీతో. జాగ్రత్తగా పట్టుకో." చెయ్యి బరువుగా ఏం లేదు. అయినా వస్తాదు ముడుచుకుపోయాడు.

సాయంత్రం ఇంటికెళ్ళి చొక్కా విప్పబోతే చెయ్యి పైకి లేవలేదు. భార్య వచ్చి విప్పింది. ఆవిడ కూడా అదే ఆసుపత్రిలో బట్టలు ఉతికేచోట పని చేస్తుంది. స్నానాల రోజున రోగుల చొక్కాలు విప్పించి మూటకట్టేది ఆవిడే. వీపు మీద అరచేయంత నల్లటి మచ్చ చూసి ఆగిపోయింది.

"ఎవరి మోకాలు ఇది?"

"పొట్టోడిది."

"నువ్వు నేర్పిందేగా," అంది. కోపంగా అనలేదు. నూనె వెచ్చబెట్టి తెచ్చి రాస్తూ, "దర్జీ వీపు మీదా ఇక్కడే ఉంటుంది ఇలాంటిది," అంది. "ఒకటి మానేలోపు ఇంకోటి. నేనేమో పాపం కంతేమో అనుకునేదాన్ని మొదట్లో."

"ఎప్పుడూ చెప్పలేదేమే?"

"నీకు తెలియదనుకోలేదు."

వస్తాదు బోర్లా పడుకుని దిండులో మొహం పెట్టుకున్నాడు. మొహం అలా పెట్టగానే ఊపిరాడక లేచి కూర్చున్నాడు. ఏడుపొచ్చింది. పంతొమ్మిదేళ్ళలో ఎన్ని వీపులు! ఆవిడ నూనె రాస్తూనే ఉంది.

* * *

గురువారం క్లాసుకి వచ్చేటప్పుడు దర్జీ నవ్వలేదు. పెదవికి కుట్లు ఉన్నాయి. వస్తాదు నడక చూసి, "నీకేమైందన్నా, వంకరగా నడుస్తున్నావు?" అని మాత్రం అడిగాడు.

"పడ్డాను."

"చూసుకుని నడవాలి."

హాలు నిండిపోయింది. వెనక వరసలో ట్రైనరమ్మ కూర్చుంది. పెద్ద డాక్టరు మూతి మీద వాపు, కొత్త కళ్ళజోడు. మొదలు పెట్టడం బాగానే పెట్టాడు. ముందు రోజు ట్రైనరమ్మ చెప్పినట్టే, "కూర్చోండి. రాత్రి నిద్ర పట్టిందా? ఇక్కడ ఇంతమంది ముందు మాట్లాడటం ఇష్టమేనా?" అని అడిగాడు. దర్జీ ఆశ్చర్యపోయి ఎవరినో అంటున్నాడని వెనక్కి చూశాడు. తర్వాత మెల్లిగా చెప్పసాగాడు. గొంతులు మొదట ఎలా వచ్చేవో, మందు వేసుకుంటే నాలుక ఎలా మొద్దుబారుతుందో, సూదిలో దారం ఎక్కించలేనంతగా చేతులు ఎలా వణికేవో చెప్పాడు. మంచి పాఠమే అది. ముందు వరసలో ఇద్దరు ముగ్గురు రాసుకుంటున్నారు కూడా.

కానీ పది నిమిషాలయ్యేసరికి పై బెంచీల్లో ఒకడు ఆవలించాడు. ఇంకొకడు ఫోను తీశాడు. ఎవరో లేచి బయటికి కూడా వెళ్ళారు. పెద్ద డాక్టరు క్లాసులోంచి లేచి వెళ్ళడం! ఆయన పెన్ను బల్ల మీద టకటకలాడింది. ఆయన కళ్ళు పైకి పోయాయి, మళ్ళీ దర్జీ మీదికి వచ్చాయి. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

వద్దు సార్, అనుకున్నాడు వస్తాదు. పైకి అనలేదు. అనుంటే బాగుండేది.

"అదంతా సరే గానీ, పాప ఏదయ్యా?"

ఫోను చూస్తున్నవాడు తలెత్తాడు.

స్టూలు లేచింది. ఈసారి దర్జీ దాన్ని విసరలేదు, రెండు చేతులా పట్టుకుని పెద్ద డాక్టరు మీదికి దూకాడు. వస్తాదు వాళ్ళిద్దరి మధ్యకి వెళ్ళాడు. చెయ్యి మెలిపెట్టలేదు, మడమ అందుకోలేదు. రెండు చేతులూ కిందికి వదిలేసి నిలబడ్డాడు. మొదటి దెబ్బ మూతి మీద పడింది, ఒక పన్ను నాలుక మీద రాలింది. రెండోది నిన్నటి పక్కటెముకల మీద. పాదాల్లోంచి తల దాకా మెరుపు పోయింది. తలుపు దగ్గర్నుంచి పొట్టోడు కదిలాడు.

"నువ్వు రాకు!" అని అరిచాడు వస్తాదు, నోట్లోంచి రక్తం చిందింది.

"పట్టుకోరా! పట్టుకోమంటే వినపడదా!" పెద్ద డాక్టరు బల్ల వెనక్కి చేరి అరుస్తున్నాడు.

స్టూలు మూడోసారి లేచింది. దర్జీ కళ్ళు వస్తాదుని చూడటం లేదు. "ఏది? ఏది? ఏది?" అంటున్నాడు. పెద్ద డాక్టరు అడిగిన ప్రశ్నే అది. ఏడు నెలల్లో ఎన్నో సార్లు అడిగాడు. ఒక్కసారి కూడా ఎవరూ జవాబు చెప్పలేదు.

"పోయిందన్నా," అన్నాడు వస్తాదు. "పాప పోయింది. కొట్టు వెనక నీళ్ళ తొట్టిలో పడింది. నువ్వు మిషను మీద ఉన్నావు."

స్టూలు అలాగే గాల్లో ఉండిపోయింది.

"నీకు వినపడలేదు," అన్నాడు.

"వినపడలేదు వస్తాదన్నా," అన్నాడు దర్జీ. చేతులు దిగాయి. స్టూలు మెల్లిగా, పగులుతుందేమోనన్నట్టు, గచ్చు మీద నాలుగు కాళ్ళూ ఆనేలా పెట్టాడు. "మిషను చప్పుడు. స్కూలు బట్టలు పొద్దున్నకల్లా ఇవ్వాలి. ఒక్క పిలుపు కూడా వినపడలేదు." అంటూ ఆ స్టూలు పక్కనే చతికిలబడి ఏడవసాగాడు. వస్తాదు కూడా పక్కన కూలబడ్డాడు. దర్జీ అతని నోరు చూసి, తన చొక్కా అంచు పట్టుకుని రక్తం తుడవబోయాడు.

పై బెంచీల్లోవాడు ఫోను జేబులో పెట్టుకున్నాడు. ముందు వరసలో ఒకమ్మాయి లేచి, "సార్, ఇందాక ఆ ప్రశ్న ఎందుకడిగారు?" అంది. పెద్ద డాక్టరు క్లాసు అయిపోయిందన్నాడు.

కమిటీ పన్నెండింటికి. పదకొండు నలభైకి వస్తాదు నోట్లో దూది కుక్కుకుని రిజిస్టరు తెరిచాడు. పెద్ద డాక్టరు వచ్చి బల్ల పక్కన నిలబడ్డాడు.

"రాయి. స్టూలుతో దాడి. అటెండరుకి గాయం. కారణం లేదు."

వస్తాదు తేదీ రాశాడు. దర్జీ అని రాశాడు. ఏం జరిగిందో రాశాడు. కారణం గడి దగ్గర పెన్ను ఆగింది.

"నాలుగో గది పేజీ కూడా అందులోనే ఉందిరా," అన్నాడు పెద్ద డాక్టరు మెత్తగా. "జైలుకి పోతావు. నీ పెళ్ళాం బట్టల మూటలు మోసుకుంటూ బతకాలి."

నిజమే. ఆ పేజీ అక్కడున్నంత కాలం ఈ మనిషి ఏం చెబితే అదే రాయాలి. ఇవాళ దర్జీ, రేపు ఇంకొకడు. వస్తాదుకి ఆ సంగతి ఇన్నాళ్ళకి, ఇంత నొప్పిలో, తేటగా కనపడింది. కారణం గడిలో రాశాడు: 'పాప ఏది అని పెద్ద డాక్టరుగారు అడిగారు.' పేజీ తిప్పి సోమవారం వరసలో 'లేదు' కొట్టేసి అదే రాశాడు. పెద్ద డాక్టరు రిజిస్టరు లాక్కోబోయాడు. వస్తాదు ఎడమ అరచెయ్యి పేజీ మీద వేసి నొక్కాడు, అంతే. ఆ పట్టు సంగతి ఆయనకి తెలుసు. హెడ్ నర్సమ్మ అన్నీ చూస్తూ మందుల అలమారా తుడుస్తూ నిలబడింది, తుడిచిందే తుడుస్తోంది.

వస్తాదు రెండేళ్ళు వెనక్కి తిప్పాడు. పోస్టుమాన్ వరస దొరికింది. 'పట్టుకున్నాము' అన్నదాని పక్కన, 'వీపు మీద మోకాలు నాది. ఊపిరాడటం లేదన్నాడు. వదల్లేదు' అని రాశాడు. పక్క గడిలో 'లేదు' కొట్టేశాడు. అక్కడ చెయ్యి కదల్లేదు. ఎంత బలవంతం చేసినా కదల్లేదు. ఖాళీగానే వదిలేసి, ఆ పేజీ మూల మడిచి, రిజిస్టరు చంకలో పెట్టుకుని నడిచాడు.

కమిటీకి పెద్ద సూపరింటెండెంటు, ఎండుకట్టెలాంటి పెద్దావిడ. ముందు ఇవాళ్టి వరస చదివింది, తర్వాత సోమవారంది. వెనకే వచ్చిన పెద్ద డాక్టరు ఏదో చెప్పబోతే వేలెత్తి ఆపింది. దర్జీ అక్క తలుపు దగ్గర నిలబడి ఉంది, పైట చెంగు నోట్లో కుక్కుకుని.

"కారణం ఉంది కదా," అంది సూపరింటెండెంటు. "రూలు కారణం లేనివాళ్ళకి. తీసుకెళ్ళమ్మా మీ తమ్ముణ్ణి. మందులు ఆపకండి."

అక్క ఏడుస్తూ నవ్వుతూ వరండాలోకి పరిగెత్తింది. కిటికీలోంచి కనపడుతున్నారు ఇద్దరూ. దర్జీ వంగి కొత్త చెప్పులు తొడుక్కుంటున్నాడు. ఒక అంగుళం పెద్దవయ్యాయి. రెండడుగులు వేసి చూసుకుని ఫరవాలేదన్నట్టు తలూపాడు. వస్తాదు చిరిగిన కాలర్ తడుముకున్నాడు.

"డాక్టరుగారూ, మీరు బయట ఉండండి. పిలుస్తాను." సూపరింటెండెంటు మూల మడిచి ఉన్న పేజీ తెరిచింది. ఆ వరస చదివింది. "ఇదీ నువ్వే రాశావా?"

"నేనేనమ్మా."

"తలుపు వేసి కూర్చో."

వేసి కూర్చున్నాడు. ఆ గదిలో కుర్చీ మీద కూర్చోవడం అదే మొదలు.

"మోకాలు సంగతి రాశావు. కారణం దగ్గర కొట్టేసి ఖాళీగా వదిలేశావేం? పోస్టుమాన్ ఎందుకు తిరగబడ్డాడు?"

వస్తాదు నోట్లో దూది తీసి గుప్పిట్లో పెట్టుకున్నాడు.

"ఆయన దగ్గర పాత కవర్ల కట్ట ఉండేదమ్మా. ఖాళీవే. పొద్దున్నే ఒక్కో మంచం దగ్గరికీ వెళ్ళి ఒక్కోటి ఇచ్చేవాడు, సాయంత్రం మళ్ళీ ఏరుకునేవాడు. ఆ రోజు క్లాసుకి వేళవుతోంది, రమ్మంటే ఇంకా రెండు మంచాలున్నాయన్నాడు." గుప్పిట్లో దూది నలిపాడు. "కట్ట లాక్కుని చెత్తబుట్టలో పడేశాను."

సూపరింటెండెంటు రిజిస్టరు అతని వైపు తిప్పి, ఖాళీ గడి మీద వేలు పెట్టి, తన పెన్ను ఇచ్చింది. వస్తాదు తన ముచ్చటైన చేతిరాతతో, గడి దాటకుండా, అది కూడా రాశాడు.